ఆయన ఒప్పుకున్న వేగం

"ఉండండి, భోంచేసి వెళ్దురుగాని. చిటికెలో చేసేస్తుంది," అంటారు మా ఆయన, వేళ కాని వేళ వచ్చినవాళ్లతో. ఒప్పుకునేది ఆయన, చేసేది నేను. మా చిన్న విమానంలోనూ అదే ఏర్పాటు. ఆయనకీ లైసెన్సు ఉంది గానీ, కిందికి దింపాలంటే చెమటలు పడతాయి. అందుకని నడపడం నాకు వదిలేసి, రేడియోలో మాట్లాడే పెద్దరికం తాను పుచ్చుకున్నారు. మగగొంతు వినిపిస్తేనే పెద్ద విమానాశ్రయాల్లో లెక్కచేస్తారట. ఈ రోజు అత్తగారిని కంటి ఆపరేషన్‌కి పట్నం తీసుకెళ్తున్నాం. ఆ ఊళ్లో వేరే రన్‌వే లేదు, ప్రయాణికుల విమానాలు దిగేచోటే మేమూ దిగాలి. "వాడు పక్కనుండబట్టి నీకు ధైర్యం," అన్నారావిడ వెనకసీట్లోంచి. పొద్దుట్నుంచీ గాలితో కుస్తీ పడుతున్న నాకు ఒళ్లు మండిపోయింది.

మా ముందొక పెద్ద విమానం, వెనక మరొకటి. బస్సుల మధ్య దూరిన సైకిల్‌లా ఉన్నాం. ఎవరెప్పుడు దిగాలో చెప్పే టవర్ నుంచి ఒకాయన, వెనక విమానం దగ్గరపడుతోందనీ, రన్‌వే దాకా ఇదే వేగం ఉంచగలరా అనీ అడిగారు.

"ఉంచుతామండి, అదెంత పని," అన్నారు మా ఆయన. నా వైపు చూడనైనా లేదు.

ఎంత పనో నాకు తెలుసు. పక్కగాలి విసిరికొడుతోంది. ఈ వేగంతో దింపితే ఇంత తేలిక విమానం నేలమీద నిలవదు, ఎగిరెగిరి పడి పక్కకి ఈడ్చుకుపోతుంది. వేగం తగ్గించక తప్పదన్నాను. ఒప్పుకున్నాక కాదంటే ఏం బావుంటుంది, కాస్త సర్దుకో అన్నారు. సర్దుకో! పదిమంది భోజనాలకి కూర చాలకపోతే నేను పచ్చడి మెతుకులతో సర్దుకున్నాను. ఆడపడుచు పిల్లల్ని సెలవులంతా ఉంచుకుంటామని ఈయన మాటిస్తే నా సెలవులు సర్దుకున్నాను. ఇప్పుడు ముగ్గురి ప్రాణాల్ని ఎక్కడ సర్దమంటారు? పరువు ఆయనది, చేతులు నావి.

మాట్లాడే మీట నా వైపూ ఒకటుంది. నొక్కాను.

"టవర్, కుదరదు. నేను వేగం తగ్గించాలి."

ఏం తిడతారోనని కాచుకున్నాను.

"అలాగేనండి. కుడికి తిరిగి పైకి వెళ్లండి. వెనక విమానం దిగాక మిమ్మల్ని పిలుస్తాం."

అంతే. ఎవరూ అలగలేదు, సంజాయిషీ అడగలేదు. ఇంత చిన్న మాటకా నేను ఇన్నాళ్లూ భయపడింది!

చుట్టు తిరిగి వస్తున్నంతసేపూ ఆయన పళ్లు నూరుతూనే ఉన్నారు. నలుగురూ వినే రేడియోలో తన పరువు తీశానట. ఇంతలో టవర్ మళ్లీ పిలిచింది. దిగడానికి సిద్ధమేనా అని అడిగింది. ఆయన వేలు ఠక్కున తన మీట మీదికి పోయింది.

"ఆగండి," అన్నాను. "అడిగింది నన్ను."