గంజి కాచని రోజు

సీనియమ్మాళ్ నూకల డబ్బా మూత తీసి, ఒక్క క్షణం చూసి, మళ్లీ పెట్టేసింది. పొయ్యి మీద ఉలవల పులుసు ఉడుకుతోంది. పక్కన అన్నం వార్చి ఉంది. ఆదివారం కాబట్టి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి సెలవు. వారమంతా పుల్లలు చట్రాల్లో పేర్చి గట్టిపడిన వేళ్లతో ఆమె వెల్లుల్లి ఒలిచింది.

మేళం వాయించే రోజున ఆమె భర్త మారిముత్తు అన్నం ముట్టడు. నిండు కడుపుతో నాదస్వరం ఊదితే ఊపిరి అందదు. అందుకని పెళ్లయిన నాటినుంచీ ఆ రోజుల్లో అతనికి పలచటి నూకల గంజి ఒక్కటే ఇస్తుంది. మిగతావాళ్లకు అన్నం. మేళమంతా ఇక్కడ తినే బయల్దేరుతుంది. ఈరోజు విరుదునగరంలో అమ్మవారి ఉత్సవం.

పెళ్లికి ముందే ఆమెకు ఈ మేళమంటే ప్రాణం. విళాత్తికుళంలో మిరపకాయలు కోస్తూ, పక్క ఊళ్లో వాయిస్తుంటే గట్టు మీద నిలబడిపోయి వినేది. ఆనాటివాళ్లలో మిగిలింది మారిముత్తు, ఉరుమి కొట్టే ఆండి. తవిలు వాయించే పెరుమాళ్సామి చనిపోయాక వచ్చినవాడి దెబ్బ ఆమెకు నచ్చలేదు. పరుగెత్తుతున్నాడని చాలాకాలం గొణిగింది. ఒకనాడు కూర కలుపుతుంటే తన గరిటె ఆ కొత్త దెబ్బకే తిరుగుతోందని గమనించి, తనలో తనే నవ్వుకుంది. తర్వాత పంబ వాయించేవాడు మారాడు, తాళం వేసేవాడు మారాడు. అన్నిటికీ అలవాటు పడింది. నాదస్వరం చేతులు మారుతుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

నిన్న కుళాయి దగ్గర ఆండి ఆమె బిందె ఎత్తిపెడుతూ గొంతు తగ్గించాడు.

"వదినా, కయత్తారులో ఊదతా ఊదతా అన్నకి మూచ్చు అందక నడాన కూసుండిపాయె. నేను గట్టిగా కొట్టి మూసేస్తి. రేపూ అట్లే అయితే? ఊదగూడదని డాక్టర్ సెప్పినాడు గదా. అన్న బదులు ఊదేకి మారిసెల్వాన్ని రమ్మన్నాము. అన్నకి నీవే సెప్పాల."

"ఇన్నేండ్లు పక్కన నిల్చి కొడితివి. నీకి నోరు లేదా?"

"నా ఉరుమికి ఉంది వదినా. నాకి లేదు."

ఆమెకూ నోరు రాలేదు. పొద్దున మారిముత్తు మేళానికి వేసుకునే ఎర్ర చొక్కా తొడుక్కుని అద్దం ముందు మీసం దువ్వుకుంటుంటే అసలే రాలేదు.

టెంపో వచ్చి ఆగింది. ఆండి గుమ్మంలోంచి తల పెట్టాడు.

"ఉలవ కొళంబు వాసన సందు కొస దాంకా వస్తాంది వదినా. మాకేమన్నా మిగిలిస్తివా?"

"నీ కడుపు మోత ముందర ఆ ఉరుమి ఎంత లే! కూసో."

అందరూ నవ్వారు. వెనకాల నిలబడిన మారిసెల్వం నవ్వలేదు. తన నాదస్వరం సంచిని వీపు వెనక పట్టుకున్నాడు.

సీనియమ్మాళ్ వరసగా పళ్లేలు పెట్టింది. చివరి పళ్లెంలో అన్నం కుప్పగా వేసి, గుంట చేసి, పులుసు పోసింది. అప్పడం పక్కన ఉంచింది. తెచ్చి మారిముత్తు ముందు పెట్టింది.

అతను పళ్లెం వైపు చూశాడు. ఆండి చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

"ఇది ఎవురికి, సీనీ?" ఊదే ముందు నానబెట్టుకునే నాదస్వరపు రెల్లుపీక నోట్లో ఉండడంతో మాట ముద్దగా వచ్చింది.

"నీకే మామా. వేడిగా ఉంది. తిను."

ఆమె చెయ్యి మాత్రం పళ్లెం అంచును వదల్లేదు.

అతను ఆ చేతిని చూశాడు. తర్వాత మారిసెల్వం వైపు తిరిగాడు.

"సంచి ఏంటికి దాస్తావు రా? ముందర పెట్టు. నీవు అన్నం తినొద్దు. సీనీ, వాడికి గంజి ఇయ్యి."

"కాచలే మామా."

మారిసెల్వానికి కాయాలన్న ఆలోచనే ఆమెకు రాలేదు. మారిముత్తు ఆమె మొహం చూసి మెల్లగా నవ్వాడు.

"అయితే వార్చిన నీళ్లలో ఉప్పేసి ఇయ్యి."

రెల్లుపీక నోట్లోంచి తీసి నేల మీద పెట్టి, అన్నం కలిపాడు.

మిగతావాళ్లు తిని బయటికి నడిచారు. బయల్దేరే ముందు సందు మలుపులో ఒక చుట్టు వాయించడం మేళానికి అలవాటు. మారిసెల్వం నాదస్వరం లేచింది. ఇంట్లో మారిముత్తు ముద్దను నోటి దగ్గర ఆపి విన్నాడు. ఆమె అతన్నే చూస్తూ కూర్చుంది.

"మూచ్చు ఉంది వాడికి," అన్నాడు. "ఇంగ కొంచెం పులుసు పొయ్యి."

టెంపో చప్పుడు దూరమైంది. ఆమె పళ్లెం ఎత్తి, నేల తుడిచింది. రెల్లుపీక ఉన్నచోట గుడ్డను పక్కనుంచి పోనిచ్చింది. దాని కొస ఇంకా తడిగానే ఉంది.