రోజుకో కాజా

పాత చొక్కా పట్టీ మీద నలభై ఒకటో కాజా కుడుతున్నాడు కాజాల మాస్టారు. కళ్ళలో పసుపు, పాదాల్లో వాపు, ఒళ్ళంతా బడలిక. భార్య పక్కన కూర్చుని అతని వేళ్ళకేసే చూస్తోంది.

ఆ పట్టీ డాక్టరమ్మ పెట్టిన పరీక్ష. "కాలేయం జల్లెడ లాంటిది మాస్టారూ. అది పాడైతే పేగుల్లో పుట్టే విషం వడపోత లేకుండా తలకెక్కుతుంది. మతి తప్పుతుంది, చెయ్యి వణుకుతుంది. రోజూ ఓ సంతకం చెయ్యండి. వంకరపోయిందా, వెంటనే వచ్చెయ్యండి," అంది. కలం పట్టని మనిషి కదా, "కాజా అయితే కుడతానమ్మా," అన్నాడు. ఆవిడ నవ్వి సరేనంది.

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటుంది లోకం. ఇతను ఆ చెట్టు నీడకు కూడా పోలేదు. ఎప్పుడో పట్టుకున్న కామెర్లు కాలేయాన్ని లోలోపలే తినేశాయి. తాగుబోతన్న పేరు మాత్రం ఊరికే వచ్చింది.

ఇవాళ్టి కాజా వంకరగా వచ్చింది.

"మందు తాగారా?" అంది భార్య.

"ఆఁ. వెలుతురు చాల్లేదు, అంతే."

అబద్ధం. డాక్టరమ్మ ఇచ్చిన తియ్యటి మందు ఆ విషాన్ని విరేచనాల్లో దించేస్తుంది. తను పనిచేసే టైలరు కొట్లో నలుగురి మధ్యనుంచి పదిసార్లు లేచి వెళ్ళాలంటే అతనికి తలవంపులు. మూడు రోజుల కిందట తెచ్చిన కొత్త సీసాకి మూతే తియ్యలేదు. ఆమె నమ్మేసింది. నమ్మకపోతే మళ్ళీ ఆసుపత్రికి పరుగెత్తాలి, ఆ ఓపిక ఆమెకు లేదు.

మధ్యాహ్నం కొట్లో యజమాని ఓ చొక్కా పట్టుకుని అతని దగ్గరికొచ్చాడు. "ఇదేంటి మాస్టారూ? గుండీల వైపు కాజాలు కోసేశారు!"

ముప్పయ్యేళ్ళుగా చెయ్యి తిరిగిన మనిషి. చొక్కాని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎవరు కోశారు?" అన్నాడు.

యజమాని హాస్యమనుకుని నవ్వబోయి, అతని మొహం చూసి ఆగిపోయాడు. "చొక్కా పోతే పోయింది, పదండి," అని తనే ఇంటిదాకా నడిపించుకొచ్చాడు.

ఇంటికి రాగానే మాస్టారు పట్టీ అందుకున్నాడు.

"ఇవాళ్టిది కుట్టలేదు కదూ?"

పొద్దున్నే కుట్టిన సంగతే అతనికి గుర్తు లేదు. కుడుతూ కుడుతూనే గోడకు ఒరిగి నిద్రపోయాడు. ఎంత లేపినా లేవలేదు. అప్పుడు మందు సీసా ఎత్తి చూసింది, నిండుగా ఉంది.

ఆసుపత్రిలోనూ మెలకువ రాలేదు. మర్నాడు మధ్యాహ్నం, ఆ నిద్రలోనే పోయాడు. పలకరించడానికి వచ్చినవాళ్ళంతా, "ఏం చేస్తాం, రాత," అన్నారు. పొద్దుటి వంకర తాను చూసిన సంగతి ఆమె ఎవరికీ చెప్పలేకపోయింది.

అందరూ వెళ్ళాక గోడవార పట్టీ కనిపించింది. నలభై రెండో కాజాకి ఒక అంచు కుట్టు పూర్తయింది, రెండో అంచు కోసింది కోసినట్టే ఉంది, దారానికి సూది ఇంకా వేలాడుతోంది.