ఉతకొద్దన్న బొంత

నేను ఒక బొంతను. దుప్పటిని కాను, రగ్గును అసలే కాను. జిప్పు సంచిలో మడతపెట్టి, ధర చీటీ తగిలించి అమ్మే జాతి కాదు మాది. కాకినాడ సూర్యారావుపేటలో నూకరత్నం అనే ఆవిడ, కూతురికి నెలలు నిండుతున్నాయని, ఇంట్లో ఉన్న పాత నేత చీరలూ భర్త అరగదీసిన పంచెలూ పొరలు పొరలుగా పరిచి, మధ్యాహ్నం పూట అరుగు మీద కూర్చుని దబ్బనంతో నన్ను కుట్టింది. పక్కింటావిడ కబుర్లు చెబుతుంటే వింటూ కుట్టింది కాబట్టి నా కుట్లన్నీ ఒక్కలా ఉండవు. కబురు చప్పగా ఉన్నచోట కుట్టు దగ్గరదగ్గరగా పడింది. రసవత్తరంగా ఉన్నచోట దారి తప్పి ఎటో వెళ్ళిపోయింది. ఆ వీధిలో ఎవరి కోడలు ఎవరితో మాటామాటా అనుకుందో నా ఒంటి మీద చూసి చెప్పవచ్చు.

పుట్టిన చంటిది నన్ను రోజూ తడిపేది. వాళ్ళు రోజూ ఉతికి డాబా మీద ఆరేసేవారు. అది నడక నేర్చి, బడికి వెళ్ళి, పువ్వుల రగ్గు కావాలని పేచీ పెట్టేసరికి నన్ను మడిచి అటక ఎక్కించారు. మనుషుల తీరే అంత. మోజు తీరిన వస్తువును పారెయ్యడానికి చేతులు రావు, అందుకని పైకి ఎక్కిస్తారు. నేనేమీ నొచ్చుకోలేదు. ఒక మనిషి తొలి నిద్రలన్నీ నా మీద పోయింది, అది చాలనుకున్నాను.

అటక మీంచి నన్ను దింపించినవాడు ఇస్త్రీ అప్పలస్వామి. బండి మీద పరచడానికి మందపాటిది ఏదైనా ఉంటే ఇప్పించమని అడిగితే నూకరత్నం నన్ను ఇచ్చేసింది. ఆ వీధిలో ఎవరు పెళ్ళిచూపులకు వెళ్ళినా, ఎవరు ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్ళినా నా మీద పడుకుని లేచిన చొక్కాయే తొడుక్కుని వెళ్ళారు. పని జరిగితే దేవుడికి కొబ్బరికాయ కొట్టారు. నా సంగతి సరే, అప్పలస్వామిని కూడా ఎవరూ తలచుకోలేదు. బొగ్గుల పెట్టె పెట్టిన మచ్చలు మాత్రం నాకు మిగిలాయి.

ఆ బండి పక్కనే ఇందుమతి జాకెట్లు కుట్టే కొట్టు. ఇందుమతికి ఇద్దరు ముగ్గురు స్నేహితులున్నారు. రోడ్డు మీద దెబ్బ తిన్న కుక్క కనిపిస్తే ఎత్తుకెళ్ళి, డాక్టరుకి చూపించి, నయమయ్యాక ఏదో ఒక ఇంటికి పెంపకానికి ఇవ్వడం వాళ్ళ పని. ఎవరూ చెయ్యమన్నది కాదు, ఎవరూ జీతమిచ్చేదీ కాదు. ఒక తుపాను వానలో ఆవిడ మురిక్కాలవ లోంచి ఒక ముసలి నల్ల కుక్కను పైకి లాగి, గజగజ వణుకుతున్న దాన్ని ఒళ్ళో పెట్టుకుని అటూ ఇటూ చూసింది.

"బాబాయ్, ఆ బొంత ఇలా ఇచ్చెయ్యి," అంది అప్పలస్వామితో.

"అది కాలిన బొంతమ్మా. అన్నీ మచ్చలే."

"మచ్చలుంటే ఏం, వెచ్చగా ఉంటది కదా."

అలా నా బతుకు మూడో మలుపు తిరిగింది. ఇంతమంది చేతుల్లో నలిగినా నన్ను మెచ్చుకుంటూ ఒక మాట అన్నది ఆవిడే. ఈరోజుకీ ఆ కృతజ్ఞత నా పోగుపోగులో ఉంది.

ఇందుమతికి ఒక పద్ధతి ఉంది. కుక్క తన వరండాలో ఏ గుడ్డ మీద పడుకుందో, కొత్త ఇంటికి దానితో పాటు ఆ గుడ్డనూ పంపుతుంది. ఉతక్కుండా పంపుతుంది. కుక్కకు ఇల్లంటే గోడలు కాదు, వాసన. అన్నీ కొత్తగా ఉన్నచోట తెలిసిన వాసన ఒక్కటైనా ఉంటే అది ముక్కు అందులో దూర్చి, ధైర్యం తెచ్చుకుని, మెల్లగా మిగతా ఇంటిని చూడటం మొదలుపెడుతుంది. కొన్నాళ్ళకు ఆ గుడ్డను వదిలేసి తనకు నచ్చిన మూల వెతుక్కుంటుంది. అప్పుడు ఇందుమతి వెళ్ళి గుడ్డ వెనక్కి తెచ్చుకుంటుంది. నల్ల కుక్క నన్ను అలాగే వదిలేసింది. దాని తర్వాత వచ్చినవీ వదిలేశాయి. వదిలేస్తే పొంగిపోయే ఉద్యోగం లోకంలో నాదొక్కటేనేమో.

తర్వాత బెల్లం వచ్చింది. రంగును బట్టి పెట్టిన పేరు. పోర్టు రోడ్డులో బండి తగిలి వెనక కాలు విరిగింది. కాలు అతికింది గానీ కుంటు మిగిలింది. మొదట తీసుకెళ్ళినవాళ్ళు, రాత్రిళ్ళు ఏడుస్తోందని తిరిగి పంపారు. రెండోసారి తీసుకెళ్ళినవాళ్ళు, దొంగలొస్తే అరిచే కుక్క కావాలన్నాం గానీ ఇలా నోరు మెదపనిది ఎందుకని తిరిగి పంపారు. అరిచినా తప్పే, అరవకపోయినా తప్పే. రెండోసారి వెనక్కి వచ్చాక బెల్లం తిండి మానేసింది. సెలైన్ ఎక్కించే దాకా వెళ్ళింది. ఇంకోసారి ఇలా జరిగితే ఇది బతకదని డాక్టరు తేల్చి చెప్పాడు. ఆ మాట విన్నప్పుడు బెల్లం నా మీదే పడుకుని ఉంది. దాని పక్కటెముకలు నాకు ఒక్కొక్కటీ తెలుస్తున్నాయి.

అందుకే మూడో ఇంటిని ఇందుమతి వడపోసి వెతికింది. గాంధీనగర్‌లో కర్రీ పాయింట్ నడిపే భాగ్యలక్ష్మి, వీర్రాజు దంపతులు. తెల్లారి లేచింది మొదలు వీధివీధంతటికీ కూరలు వండే భాగ్యలక్ష్మికి, గిన్నెలు కడిగేశాక ఇంట్లో పలకరించే ప్రాణి ఉండదు. వీర్రాజు భోజనం కాగానే గుర్రు పెడతాడు. ఆవిడకు కుక్క మీద మనసు పడింది. చేతికి శుభ్రం ఎక్కువ, గుండెకు జాలి ఎక్కువ. ఇందుమతి జాగ్రత్తలన్నీ చెప్పి, నన్ను అప్పగిస్తూ, "ఈ బొంత మాత్రం ఉతకొద్దక్కా," అంది.

ఇక్కడే వచ్చింది చిక్కు. మా జిల్లాలో ఎవరైనా "వద్దు" అంటే దాని అర్థం "వద్దు" అని కాదు. విస్తరి ముందు కూర్చున్నవాడు చాలు చాలంటాడు, వడ్డించేవాళ్ళు ఇంకో గరిటె వేస్తారు. వెయ్యకపోతే అది వెళ్ళి నలుగురికి చెప్పుకుంటాడు. భాగ్యలక్ష్మి జీవితమంతా వడ్డించిన మనిషి. ఇందుమతి పాపం మొహమాటానికి ఉతకొద్దంటోంది, తనకు శ్రమ ఎందుకని అంటోంది అనుకుంది. కొత్తగా ఇంటికి వచ్చిన పిల్లను మాసిన గుడ్డ మీద పడుకోబెడతామా అని, ఇందుమతి ఎక్కిన ఆటో వీధి మలుపు తిరగక ముందే నన్ను బకెట్లో వేసింది. వేడినీళ్ళు, సబ్బుపొడి, ఆఖర్న డెట్టాలు. బండ మీద వేసి ఉతికింది, ఎండలో ఆరేసింది, ఆరాక మడతల్లేకుండా దులిపి బెల్లం ముందు పరిచింది. పుట్టిన తర్వాత నేను అంత శుభ్రంగా ఎప్పుడూ లేను. అంత పనికిరాకుండానూ ఎప్పుడూ లేను.

బెల్లం వచ్చి నన్ను వాసన చూసింది. మళ్ళీ చూసింది. నా నాలుగు మూలలూ తిరిగి వెతికింది. తర్వాత వెళ్ళి గ్యాస్ సిలిండర్ల వెనక ఇరుక్కుంది. నేను ఇక్కడే ఉన్నాను, నేనే అని చెప్పడానికి నాకు నోరు లేదు. ఉన్న వాసనంతా తూముగుండా పోయింది.

భాగ్యలక్ష్మి చికెన్ లివర్ వండి పెట్టింది. పెరుగన్నం కలిపి పెట్టింది. గుడ్డు ఉడకబెట్టి పెట్టింది. బెల్లం మూతి తిప్పుకుంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడు నీళ్ళు కూడా ముట్టలేదు. వీర్రాజు కంగారుపడి ఇందుమతికి ఫోన్ చేశాడు. ఆవిడ మిషను మీద గుడ్డ అలాగే వదిలేసి వచ్చింది.

"ఊరంతా నా చేతి వంట తింటారమ్మాయ్. ఇదొక్కత్తే ముట్టట్లేదు. నేనంటే గిట్టలేదు దీనికి," అంది భాగ్యలక్ష్మి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. "ప్రాణం మీదకి రాకముందే తీసుకెళ్ళిపో."

ఇందుమతి నన్ను ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆవిడ ముఖం మారిపోయింది.

"అక్కా, దీన్ని ఉతికారా?"

"ఉతక్కుండా ఎలా ఉంటానే? నువ్వేదో మొహమాటానికి అన్నావు గానీ..."

ఇందుమతి నన్ను ఒళ్ళో పెట్టుకుని కింద కూర్చుంది. తిట్టలేదు. తిట్టి ఉంటే భాగ్యలక్ష్మికి కాస్త తేలికగా ఉండేదేమో. "దాని ఒంటి వాసన, మా ఇంటి వాసన, అన్నీ అందులోనే ఉన్నాయక్కా. ఈ ఇంట్లో దానికి తెలిసిందల్లా అదొక్కటే," అంది.

భాగ్యలక్ష్మి నా అంచు అందుకుని తనూ వాసన చూసింది. "ఎంత పని చేశాను," అంది. "ఇప్పుడేటి చెయ్యాలి? నీ వరండాలో కొన్నాళ్ళు పడుకోబెట్టి పట్టుకొస్తావా?"

"మళ్ళీ వెనక్కి తీసుకెళ్తే అది తట్టుకోలేదు. ఎలాగూ ఈ బొంతకి ఇప్పుడు ఎవరి వాసనా లేదు, మీ వాసనే పట్టించండి. దీని మీదే కూర్చుని కూరలు తరగండి, ఉల్లిపాయలు ఒలవండి, మధ్యాహ్నం దీని మీదే నడుం వాల్చండి. దాన్ని పిలవద్దు, దాని వంక చూడొద్దు. ఉతకొద్దు." ఆ ఆఖరి మాట ఒత్తి పలికి, "ఇది మొహమాటానికి అనట్లేదక్కా," అంది.

వెళ్ళేముందు ఇందుమతి సిలిండర్ల పక్కన బోర్లా పడుకుని వేలితో కొంచెం నీళ్ళు తాగించింది. రోజూ పొద్దున్నా సాయంత్రం వచ్చి అంతవరకే చేసి వెళ్ళేది.

భాగ్యలక్ష్మి నా మీద కూర్చుంది. కత్తిపీట ముందేసుకుని వంకాయలు, దొండకాయలు, గోంగూర కట్టలు. చింతపండు పులుపు, ఇంగువ, ఉల్లిపాయ ఘాటు, పొయ్యి దగ్గర పట్టిన చెమట, అన్నీ నాలోకి ఇంకాయి. పసుపు మరక పడితే ఆవిడ చెయ్యి తనకు తెలియకుండానే సబ్బు వైపు వెళ్ళేది. వెళ్ళి, ఆగిపోయేది. మాసిన గుడ్డ మీద కూర్చోవడం ఆవిడకు ముళ్ళ మీద కూర్చున్నట్టే ఉండేది. అయినా కూర్చుంది. దానికన్నా కష్టం, కుక్క వంక చూడకుండా ఉండటం. అందుకని నాతో మాట్లాడేది. వంకాయలు పుచ్చులున్నాయని, వీర్రాజు ఉప్పు ఎక్కువైందన్నాడని, మోకాలు నొప్పిగా ఉందని. నూకరత్నం కబుర్ల తర్వాత అంత తీరుబడిగా నేను విన్న కబుర్లు అవే.

ఒక మధ్యాహ్నం క్యారెట్ ముక్క ఒకటి దొర్లి సిలిండర్ల వైపు పోయింది. కరకర నమిలిన చప్పుడు వినిపించింది. భాగ్యలక్ష్మి తల ఎత్తలేదు. ఇంకో ముక్కను, చేతిలోంచి జారినట్టుగా వదిలింది. జీవితంలో అంత బాగా ఆవిడ ఎప్పుడూ నటించి ఉండదు. ఆ తర్వాతి రోజుల్లో ముక్కలు దగ్గరదగ్గరగా పడ్డాయి, బెల్లం దగ్గరదగ్గరగా వచ్చింది. కుంటుకుంటూ వచ్చి, నా అంచు వాసన చూసి, భాగ్యలక్ష్మి చీర కుచ్చెళ్ళ వాసన చూసి, రెండూ ఒకటేనని తేల్చుకుంది. నా మీద గడ్డం ఆనించి కళ్ళు మూసుకుంది.

"ఏవండీ, అక్కడే ఆగండి. కదలకండి," అంది భాగ్యలక్ష్మి గుమ్మంలోకి వచ్చిన మొగుడితో, పెదవులు కదిలీ కదలకుండా. వీర్రాజు ఒంటికాలి మీద అలాగే నిలబడిపోయాడు. భాగ్యలక్ష్మి ఏడ్చింది. ఆ తడి కూడా నేనే పీల్చుకున్నాను.

ఇక తిండి సంగతి చెప్పక్కర్లేదు. లివరు, పెరుగన్నం, గుడ్డు, వీర్రాజు పళ్ళెంలో మిగిలిన అట్టుముక్క. పక్కటెముకలు కండలో దాక్కున్నాయి. వంటగది గడప పక్కన, భాగ్యలక్ష్మి అటూ ఇటూ వెళ్ళినప్పుడల్లా కాళ్ళకు అడ్డం పడేచోట, బెల్లం తన చోటు చూసుకుంది. నేను మూలన ఖాళీగా ఉన్నాను. భాగ్యలక్ష్మికి అది తెలుసు. తెలిసీ ఫోన్ చెయ్యలేదు. బొంత వెళ్ళిపోతే దాని వెంటే కుక్క కూడా వెళ్ళిపోతుందేమోనని భయం. వానలో కొత్తగా ఒక కుక్క దొరికిందని ఇందుమతి చెప్పాక గానీ నన్ను ఇవ్వడానికి ఒప్పుకోలేదు.

ఇందుమతి ఆటోలో వచ్చింది. భాగ్యలక్ష్మి నన్ను మడిచింది. పసుపు మరకలు, కుక్క వెంట్రుకలు, గోంగూర కసరు. "మా ఇంట్లోంచి మాసిన గుడ్డ గుమ్మం దాటడం ఇదే మొదలమ్మాయ్. ఎవరైనా చూస్తే నా పరువు పోద్ది," అంటూ పైన చీర ముక్క కప్పి చేతికిచ్చింది.

బెల్లం మా వెనకే గేటు దాకా వచ్చింది. గేటు బార్లా తీసి ఉంది. ఇందుమతి చెయ్యి నాకింది, తోక ఊపింది. ఆటోలోకి ముందు కాళ్ళు పెట్టి నన్ను గుండెల నిండా వాసన చూసింది. ఎవరూ పిలవలేదు. భాగ్యలక్ష్మి చూడటం చేతగాక వెనక్కి తిరిగి ఇంట్లోకి నడిచింది. బెల్లం నా మీంచి తల ఎత్తింది. వెళ్ళిపోతున్న ఆ చీర వంక చూసింది. కాళ్ళు దించుకుని, ఒక్కసారి కూడా వెనక్కి చూడకుండా, కుంటుకుంటూ ఆవిడ వెంట లోపలికి వెళ్ళిపోయింది.