రెండేళ్ళుగా చేయి తప్పించిన చోట్లు

ఐలా చేతిసంచిలో మడిచి పెట్టిన కాగితం ఒకటి ఉన్నది. ఇరవైరెండేళ్ళుగా తాను ఊడ్చి, దీపాలు వెలిగించి, గంట మ్రోగించిన చర్చి కొలువుకు రాజీనామా అది. కారణమనే చోట 'ఒంటికి సోమరితనం పట్టినందున' అని తన చేతితోనే వ్రాసుకొన్నది. దేవుని ఇంటిలో అబద్ధం వ్రాయరాదు గదా!

మెడ మొదలు మోకాళ్ళ వరకు ఒళ్ళంతా సలుపుతూ రెండు చలికాలాలు గడిచాయి. తొమ్మిది గంటలు నిద్రించినా, రాత్రంతా మోపులు మోసినట్లే లేచేది. కీర్తన సంఖ్యలను చర్చి గోడ పలకమీద అమర్చబోయి, ఏ సంఖ్య అమర్చాలో మరచి నిలబడిపోయేది. నిరుడు ఆరోగ్యకేంద్రంలో ఒక వైద్యుడు ఆమె దేహం మీద పద్దెనిమిది చోట్ల నొక్కి, నొక్కిన ప్రతిసారీ "నొప్పిగా ఉందా?" అని అడిగాడు. పద్దెనిమిది సార్లూ ఆమె "పర్లేదు" అన్నది. ఆయన ఉన్నదున్నట్లు 'నొప్పి లేదు' అని వ్రాసుకొన్నాడు. ఆయన తప్పేమున్నది? కాలు విరిగినవాడు సైతం 'కాస్త పట్టేసింది' అనే సీమ అది. ఓర్చుకోగలిగిన బాధను నొప్పి అనడం ఐలా దృష్టిలో గొప్పలు చెప్పుకోవడమే. జబ్బు కానప్పుడు మిగిలింది సోమరితనమే కావాలని ఆనాడే నిశ్చయించుకొన్నది.

ఈసారి భర్త ఓర్వో పట్టుబట్టి తీసుకొనివచ్చాడు. దుంగల లారీ తోలి, ఆ పని చాలించుకొన్న మనిషి. ఒక మాటతో పని జరిగేచోట రెండు వాడడు. అట్టివాడు తలుపు దగ్గర, "నేనూ లోపలికొస్తా" అనగానే ఐలా విస్తుపోయి వెనుదిరిగి చూసింది.

కిన్నునెన్ అనే యువ వైద్యురాలు కాగితాలు తిరగవేసింది. "థైరాయిడ్ బాగుంది, కీళ్ళవాతం లేదు. మరొకటి ఉంది గానీ అది రక్తంలో కనపడదమ్మా. ఒళ్ళంతా నొప్పులు మూడు నెలలు దాటాయా, నిద్రపోయినా అలసట తీరట్లేదా, మతిమరుపు వస్తోందా, ఇవన్నీ అడిగి తేల్చుకోవాలి. చోట్లు నొక్కి లెక్కపెట్టడం పాత పద్ధతి. పద్దెనిమిదింట్లో పదకొండు ఉండాలనేవాళ్ళు. ఇప్పుడా లెక్క తప్పనిసరి కాదు. అయినా ఓసారి చూస్తాను."

బొటనవేలి గోరు తెల్లబడేదాకా మెడ వెనుక నొక్కింది. "నొప్పా?"

"పర్లేదు."

భుజం మీద. "ఇక్కడ?"

"పర్లేదండీ."

మూలనున్న కుర్చీలో ఓర్వో గొంతు సవరించుకొన్నాడు. "డాక్టరమ్మా, ఆవిణ్ణి అడక్కండి. కాళ్ళు చూడండి."

ఉన్ని మేజోళ్ళలో ఐలా కాలివేళ్ళు పిడికిళ్ళలా ముడుచుకొని ఉన్నాయి.

"ఓర్వో! నీకెందుకయ్యా మధ్యలో?"

"నాకు కాకపోతే ఎవరికి? శనివారం శనివారం సౌనా ఆవిరిగదిలో నీ వీపు తోమేది నేనా, పాస్టరుగారా?"

అతడు లేచి వచ్చి, దుంగల మీద గుర్తులు పెట్టే నిపుణుని వలె వేలితో చూపసాగాడు. "మెడ కింద రెండు. భుజాల మీద ఇటొకటి, అటొకటి. మోచేతుల దగ్గర. నడుం దిగువన. మోకాళ్ళ లోపలివైపు. ఆవిరిలో బిర్చి చెట్టు రెమ్మల కట్టతో ఒళ్ళు తట్టేటప్పుడు ఈ చోట్లు రెండేళ్ళుగా తప్పిస్తున్నా."

"నాకు తెలియనే లేదే!"

"తెలిస్తే తప్పించనిస్తావా?"

వైద్యురాలు నవ్వాపుకొన్నది. తాను చదువుకొన్న పటంలోని గుర్తులే ఆ మొరటు వేలు చూపుతున్నది. "సరే అమ్మా, ప్రశ్న మారుస్తాను. మీ ఆయన చెయ్యి ఇక్కడ పడితే మీరు పక్కకి జరుగుతారా?"

ఐలా గోడవైపు ముఖం త్రిప్పుకొన్నది. "...జరుగుతాను."

"ఇక్కడ?"

"జరుగుతాను."

మొత్తం పద్నాలుగు తేలాయి. నిద్ర, అలసట, మరపు గురించిన ప్రశ్నలకు కూడా ఆమె ఈసారి నిజమే చెప్పింది. వైద్యురాలు కలం పక్కన పెట్టింది.

"దీన్ని ఫైబ్రోమయాల్జియా అంటారు. కండరాలు చెడలేదు, కీళ్ళు అరగలేదు. నొప్పి కబురు మోసే నరాలు చిన్న విషయానికే పెద్దగా కేకేస్తున్నాయి. కానీ నొప్పి మాత్రం నిజం."

"సోమరితనం కాదూ?" ఆ ప్రశ్న అడిగేటప్పుడు ఐలా గొంతు చిన్నపిల్లదయింది.

వైద్యురాలు కాగితాలలో ఆమె కొలువు చూసి, "చర్చి మెట్ల మీద మంచు ఎవరు తవ్వుతారు?" అన్నది.

"నేనే."

"సోమరులు తవ్వరమ్మా. ఇకమీదట మంచు ఇంకొకరు తవ్వుతారు. గంట మీరే కొట్టండి. రోజూ కొద్దికొద్దిగా నడవండి, ఒంటికి వెచ్చదనం, వేళకు నిద్ర. పూర్తిగా పోతుందని మాటివ్వలేను, తగ్గించుకోవచ్చు."

శనివారం ఓర్వో సౌనా పొయ్యి ముందు గొంతుకూర్చొని, "అంటించేందుకు కాగితం ఏదైనా ఉందా?" అని అడిగాడు. ఐలా సంచి తెరచి మడత కాగితం అందించింది. అతడు మొదటి వరుస చదివాడు, భార్య ముఖం చూశాడు, పొయ్యిలో పెట్టాడు.

"బాగా అంటుకుంది," అన్నాడు.

వేడెక్కిన బల్ల మీద ఆమె వీపు త్రిప్పి కూర్చున్నది. సబ్బు నురుగుతో దిగివస్తున్న అతని అరచేయి భుజపుటంచున అలవాటుగా పక్కకు మళ్ళబోయింది.

"అక్కడ నొప్పి," అన్నది ఐలా.

"తెలుసు."

"నీకు తెలుసని నాకూ తెలిసిందిగా. అయినా చెప్తున్నా." భుజాన్ని అతని అరచేతికి ఆనించి మళ్ళీ అన్నది: "వదిలెయ్యకు. మెల్లగా తోము."