ఒక మార్కు తక్కువ

వీధి చివరిదాకా సైకిల్ తొక్కితే రొప్పుతూ గోడ పట్టుకునే పెద్దమనుషులిద్దరు ప్రపంచంలోకెల్లా కష్టమైన సైకిల్ రేసుకి మార్కులేసేవారు. ఒకాయన రిటైరైన లెక్కల మాస్టారు. రెండోవాడు బస్సు డ్రైవరు, పొద్దుటి డ్యూటీ దిగి తిన్నగా సైకిల్ షాపుకే వచ్చేవాడు. వాళ్లతో పాటు కూర్చునే మూడోవాడు ఆ షాపు మెకానిక్కు. మార్కులేసే అర్హత అంటూ ఉంటే అతనొక్కడికే ఉంది. వయసులో ఉండగా పదేళ్లు రేసులు తొక్కాడు. పైగా వాళ్లు టీవీలో చూసి మార్కులేసే కుర్రాడు అతని సొంత మేనల్లుడు.

కుర్రాణ్ణి వీధంతా పిడుగు అనేవారు. మూడేళ్ల వయసులో తండ్రి పోతే, మేనమామే సైకిలెక్కించాడు, పడేశాడు, మళ్లీ ఎక్కించాడు. ఇరవై నాలుగేళ్లకి వాడు పరాయి దేశపు జట్టులో చేరి, మూడు వారాల పాటు రోజూ సాగే ఆ పెద్ద రేసులోకి వెళ్లాడు. గెలవడానికి కాదు. వాడి పని చాకిరీ. జట్టు నాయకుడికి నీళ్ల సీసాలు మోసుకురావాలి, అతనికి గాలి తగలకుండా ముందుండి తొక్కాలి, చివరి కొండ మీద ఊపిరి అయిపోయాక పక్కకి తప్పుకోవాలి.

రోజూ మధ్యాహ్నం రెండింటికి షాపులో టీవీ పెట్టేవారు. ఆ రోజు రేసు ముగిశాక మాస్టారు, డ్రైవరు కుర్రాడికి పదికి ఎన్నివ్వాలో వాదించుకుని ఒక అంకె మీదకి వచ్చేవారు. మెకానిక్కు దాన్ని గోడ మీది నల్లబోర్డు మీద రాసేవాడు, అదీ ఒకటి తగ్గించి. వాళ్లు ఏడంటే ఆరు, ఆరంటే అయిదు. "నా మేనల్లుడని ఎక్కువేశానని రేపెవడూ అనకూడదు" అనేవాడు. అలా తగ్గించమని అతన్ని ఎవరూ అడగలేదు. అది తన నిజాయితీ అని అతను మురిసిపోయేవాడు గాని, నిజానికి నలుగురూ ఏమంటారో అన్న భయం.

ఆ బోర్డు ఫొటో తీసి సాయంత్రం మేనల్లుడికి పంపేవాడు. వాడికి ఆ ఫొటో అంటే ప్రాణం. జట్టు కోచ్ మెచ్చుకున్న రోజు కూడా మామయ్య అంకె వచ్చేదాకా వాడికి అన్నం సయించేది కాదు.

తొమ్మిదో రోజు ఒక ఇరుకు దారిలో ఇరవై మంది ఒకరి మీద ఒకరు పడ్డారు. అందులో వాడూ ఉన్నాడు. లేచాడు, సైకిలెక్కాడు, రేసు పూర్తి చేశాడు.

మర్నాడు పొద్దున్నే మెకానిక్కు చెల్లెలు, అదే కుర్రాడి తల్లి, షాపుకొచ్చింది. ఆవిడ ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేసే లాండ్రీలో పని చేస్తుంది. పనికి ఆలస్యమవుతున్నా గుమ్మంలోనే నిలబడింది.

"అన్నయ్యా, రాత్రి ఫోన్లో వాడి గొంతు నాకు నచ్చలేదు. ఏమైందిరా అంటే ఏం లేదమ్మా అంటాడు."

"కిందపడ్డాడుగా, ఒళ్లు హూనమై ఉంటుంది. అందరికీ ఉండేదే."

"నాకు ఆ ఆటలో ఓనమాలు తెలియవు. నీకు తెలుసు. ఇవాళ కాస్త కళ్లలో వత్తులేసుకుని చూడు. ఏమాత్రం తేడా కనిపించినా మానేసి వచ్చెయ్యమని చెప్పు. నేను చెబితే నవ్వేస్తాడు. నువ్వు చెబితే వింటాడు."

"సరేలేవే, వెళ్లు. నేను చూస్తాగా."

చూశాడు. అరగంట తిరక్కుండానే కనిపించింది. జట్టు కారులోంచి సీసా ఇస్తే కుర్రాడు ఎడమ చేత్తో అందుకున్నాడు. వాడిది ఎడమచేతి వాటం కాదు. గతుకుల రోడ్డు రాగానే కుడి అరచెయ్యి హ్యాండిల్ మీంచి లేపేస్తున్నాడు. మలుపు ఇంకా దూరంగా ఉండగానే బ్రేకు వేస్తున్నాడు, అదీ ఎడమ చేతి బ్రేకొక్కటే. ముప్పై ఏళ్లుగా బ్రేకులు బిగించే మనిషికి ఇంకెవరూ చెప్పక్కర్లేదు. కుడి మణికట్టు పోయింది. కనీసం బీట వారింది.

"పదకొండు నిమిషాలు వెనకపడ్డాడు" అన్నాడు మాస్టారు కాగితం మీద కూడికలు వేస్తూ. "నాయకుడికి ఒక్క సీసా కూడా సరిగ్గా అందించలేదు."

"వీడు రేసుకెళ్లాడా, షికారుకెళ్లాడా?" అన్నాడు డ్రైవరు.

మెకానిక్కు నోరు తెరిచాడు. "వాడు కుడి చెయ్యి వాడట్లేదు, గమనించారా?"

డ్రైవరు తొడ చరిచి నవ్వాడు. "మొదలైంది! మేనల్లుణ్ణి వెనకేసుకురావడం! తొమ్మిది రోజులు ఉగ్గబట్టుకున్నావు, పాపం!"

మాస్టారు కూడా నవ్వాడు. ఇద్దరిలో ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. ఇంకో మాట గట్టిగా చెప్పి ఉంటే ఇద్దరూ టీవీకి దగ్గరగా జరిగి చూసేవారు. కాని మెకానిక్కు మొహం జేవురించింది. అన్నాళ్లూ దేనికి భయపడ్డాడో ఆ మాట రానే వచ్చింది. "సరే, అంకె చెప్పండి" అని సుద్దముక్క తీసుకున్నాడు.

వాళ్లిద్దరూ మూడు ఇచ్చారు. అతను రెండు రాశాడు. ఫొటో పంపి, ఎప్పుడూ లేనిది కింద ఒక వాక్యం కూడా కొట్టాడు: "నీ వల్ల ఇక్కడ నా పరువు పోతోంది."

అయిదు నిమిషాల్లో జవాబొచ్చింది: "రేపు చూడు మామయ్యా."

ఆ సాయంత్రం చెల్లెలు ఫోన్ చేసింది. "చూశావా?"

"చూశాను. కాస్త బద్ధకించాడు, అంతే. కంగారు పడకు."

మర్నాడు వాడు నిజంగానే పిడుగయ్యాడు. పెద్ద కొండ మొదట్నించీ పైదాకా నాయకుడికి ముందుండి, పళ్లు బిగించి లాక్కెళ్లాడు. పేరున్న వాళ్లంతా ఒక్కొక్కరే వెనక్కి రాలిపోయారు. డ్రైవరు కుర్చీలో కూర్చోలేకపోయాడు. "ఎనిమిది! కాదు, తొమ్మిది! మాస్టారూ, వీడికి ఇవాళ తొమ్మిదికి తగ్గితే నేనొప్పుకోను!" మాస్టారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు.

మెకానిక్కు మాత్రం కొండ పైభాగం వైపే చూస్తున్నాడు. అక్కడ వాన పడుతోంది. అవతల దిగుడు పద్నాలుగు కిలోమీటర్లు.

పైకి చేరాక వాడు పక్కకి తప్పుకోవాలి. తప్పుకోలేదు. దిగుడులో కూడా తనే ముందు వెళ్లాడు. తడి రోడ్డు మీద, ఒంటి బ్రేకుతో, డెబ్భై కిలోమీటర్ల వేగంతో.

"తగ్గరా" అన్నాడు మెకానిక్కు. లేచి టీవీ దగ్గరికి వెళ్లాడు. "ఒరేయ్, తగ్గరా. చాలు. ఆగిపోరా."

"ఎందుకు తగ్గాలి? పోనీ, పోనీ!" అని డ్రైవరు వెనక నుంచి అరుస్తున్నాడు.

ఏడో మలుపులో వెనక చక్రం జారింది. సైకిలొక వైపు, కుర్రాడొక వైపు. వాడు రోడ్డంచున రాతిగోడకి కొట్టుకుని అవతలికి పడ్డాడు. కెమెరా అక్కడ ఆగలేదు, నాయకుడి వెంట వెళ్లిపోయింది. ఎవరో గెలిచారు, ఎవరో పూలగుత్తి అందుకున్నారు, వాడి సంగతి మాత్రం టీవీలో ఎవరూ చెప్పలేదు.

రాత్రి తొమ్మిదింటికి జట్టువాళ్లు చెల్లెలికి ఫోన్ చేశారు. ప్రాణం ఉంది. వెన్నెముక విరిగింది. నడుము కింద స్పర్శ లేదు, ఇక రాదనే అంటున్నారు. రేసు ముగింపు చూడ్డానికి రమ్మని కొడుకు ముందే తీయించిన వీసా ఉంది, ఆ రాత్రి విమానానికే జట్టువాళ్లు టికెట్టు పంపారు.

అతను వెళ్లేసరికి ఆవిడ ఒంటిగదిలో మంచం మీద సంచి పెట్టుకుని చొక్కాలు మడత పెడుతోంది. ఏడవడం లేదు. చొక్కా మడత పెడుతుంది, విప్పుతుంది, మళ్లీ పెడుతుంది.

"కుడి మణికట్టు రెండు రోజుల కిందటే విరిగిందట అన్నయ్యా. తొమ్మిదో రోజే. చేతి తొడుగు కింద గుడ్డ చుట్టుకుని జట్టు డాక్టరుకి కూడా చెప్పకుండా దాచాడట. నొప్పి మాత్రలు వేసుకుని తొక్కాడట."

అతను మంచం అంచున కూలబడి, ఆ క్షణంలో ఏ మనిషీ అడగకూడని మాట అడిగాడు. "వాడి ఫోను... ఎక్కడుందట?"

"హోటల్ గదిలో ఉందట. నేను వెళ్లగానే వాడి సామానుతో పాటు ఇస్తారట. ఏం?"

"ఏం లేదు."

ఆవిడ చేతిలో చొక్కా అలాగే ఉంచుకుని అతని మొహంలోకి చూసింది. "నువ్వు చూశానన్నావు కదా. నీకేం కనిపించలేదా?"

చెప్పడానికి అదే సమయం. ఇంకో గంటకి ఆవిడ విమానాశ్రయానికి బయల్దేరుతుంది. రేపు ఆ ఫోను తెరుస్తుంది. తన నోటితో చెప్పుకోవడానికి ఇంత మంచి అవకాశం మళ్లీ రాదని అతనికి తెలుసు.

"లేదమ్మా" అన్నాడు.

ఆవిడ నిట్టూర్చి అతని పక్కన కూర్చుంది. అతని చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. "నీ కంటికే ఆనలేదంటే ఇంకెవరికి తెలుస్తుందిలే. నువ్వు కుమిలిపోకు. వాడికి నువ్వు తండ్రికంటే ఎక్కువే చేశావు."

అతను తలొంచుకుని ఆ ఓదార్పు తీసుకున్నాడు. అంత సిగ్గుమాలిన పని బతుకులో ఎన్నడూ చెయ్యలేదని తెలిసే తీసుకున్నాడు. చెయ్యి వెనక్కి లాక్కోలేదు.