గుయ్యికి గొళ్ళెం

నేను ఒక స్టీలు డబ్బాను. జానెడు పొడవు, నాలుగు వేళ్ళ వెడల్పు. ఇప్పుడు నా మూత మీద రెండు నాబ్‌లు, ఒక ఎర్ర దీపం, పక్కలకు చెరొక రంధ్రం ఉన్నాయి గానీ, పుట్టినప్పుడు ఇవేవీ లేవు. అప్పుడు నా కడుపులో ఉండేవి మరిగే నీళ్ళు, ఒక గాజు సిరంజీ, మూడు సూదులు.

గోదావరి కాలవ పక్కన ఒక చిన్న పట్నంలో, నర్సు సువార్తమ్మ గారి సంచీలో నేను చాలా ఏళ్ళు తిరిగాను. ఏ ఇంటికి వెళ్ళినా ముందు నన్నే పొయ్యి మీద పెట్టేవారు. నా మూత చప్పుడు వింటే చాలు, పిల్లలు మంచాల కిందికి దూరేవారు. నేను ఎవరినీ పొడవలేదు. పొడిచింది సూది, పేరొచ్చింది నాకు. మనుషులు అంతే, నొప్పి పుట్టినప్పుడు కంటికి ఎదురుగా ఏది ఉంటే దాన్నే గుర్తుపెట్టుకుంటారు. నాకు గుర్తున్నది వేరు. రెండు రోజులుగా మూలుగుతున్న పసిపిల్ల ఒళ్ళంతా చెమట పట్టి నిద్రలోకి జారుకున్నాక, ఆ గదిలోకి ఒక నెమ్మది దిగుతుంది. వెళ్ళాల్సిన ఇళ్ళు ఇంకా ఉన్నా సువార్తమ్మ గారు ఆ నెమ్మదిలో కాసేపు ఊరికే కూర్చునేవారు. నేను ఆవిడ ఒళ్ళో చల్లారుతూ ఉండేదాన్ని.

తర్వాత వాడి పారేసే ప్లాస్టిక్ సూదులొచ్చాయి. నాలోకి గుండీలు, పిన్నీసులు చేరాయి. పోయిన వానాకాలంలో సువార్తమ్మ గారు కూడా వెళ్ళిపోయారు. అలమర తలుపు వేసి ఉండేది. లోపల చీకటిలో గుండీలతో పాటు నేనూ ఒక రకమైన మగతలో పడి ఉన్నాను.

నన్ను లేపింది ఆవిడ భర్త ఇస్సాకు గారు. రేడియోలు, మైకు సెట్లు బాగుచేసే మనిషి. ఆయన గుండీలను ఒక సీసాలోకి వంపి, నన్ను వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూశారు. పక్కన నిలబడ్డ అమ్మాయి, "అత్తయ్య డబ్బా కదా మావయ్యా, వద్దులెండి" అంది. ఆయన అప్పటికే నా మూతకు డ్రిల్లు పెట్టేశారు. "ఇనప డబ్బా అయితేనే బయటి గోల లోపలికి రాదు" అన్నారు, అదొక్కటే కారణమన్నట్టు.

ఆ అమ్మాయి పేరు కెజియా. కాన్వెంటులో లెక్కల టీచరు. మేడ మీద గదిలో అద్దెకుంటుంది. వీళ్ళకూ ఆమెకూ చుట్టరికం ఏమీ లేదు. వరసలు కలవడానికి నెత్తురు అక్కర్లేదు, రోజూ ఎక్కిదిగే మెట్లు ఒకటే అయితే చాలు. కెజియాకు ఒక ఎలక్ట్రిక్ గిటారు ఉంది. దానికి తోడు నారింజ రంగు పెడల్ ఒకటి. కాలితో నొక్కితే చాలు, మెత్తని తీగ మోత కాస్తా ఉరుమై పోతుంది. నేను దాని పక్కనే బతికాను కాబట్టి దాని గుణం నాకు తెలుసు. చీమ తుమ్మినా ఏనుగు ఘీంకారం చేసి వదులుతుంది. మంచిదే, కానీ తుమ్మింది ఏ చీమో దానికి పట్టదు. తీగ పలికినా, వైర్లలో కరెంటు తనలో తాను గొణుక్కున్నా, రెంటినీ ఒకే భక్తితో వెయ్యింతలు చేస్తుంది. అందుకే కెజియా వాయించడం ఆపినా స్పీకరు ఆపేది కాదు. కింద గుయ్యిమని ఒక మోత, దాని మీద సుయ్యిమని ఒక బుస.

ఆ మోత ఆమె మెడకు చుట్టుకుంది. మేడ మీద వాయించొద్దని ఇరుగుపొరుగు ఎప్పుడో చెప్పేశారు. కాలేజీ రోజుల బ్యాండు తలో ఊరూ పట్టి పోయింది. ఇక ఆమె వాయించుకోవడానికి మిగిలింది ఆదివారం చర్చి ఒక్కటే. అక్కడా గడ్డుకాలం వచ్చింది.

ఆ చర్చిలో గుడ్‌ఫ్రైడే నాడు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి దాకా ఆరాధన. సిలువ మీద క్రీస్తు పలికిన ఏడు మాటల గురించి ఏడుగురు మాట్లాడతారు. ఏడో మాట అయ్యాక భూమి కంపించిన ఘట్టం చదువుతారు. అప్పుడు తెర వెనక నుంచి రేకులు ఊపడం అక్కడి ఆనవాయితీ. కిందటేడు రేకు చేతిలోంచి జారి, దొర్లుకుంటూ వచ్చి పాస్టరు గారి కాళ్ళ దగ్గర పడిందట. పిల్లలతో పాటు పెద్దలూ నవ్వారట. ఈ ఏడు ఆ భూకంపమేదో కెజియా గిటారు మీద పలికించమన్నారు పాస్టరు గారు. సంఘ పెద్ద రత్నాకరం గారు ఒప్పుకోలేదు. చివరికి ఒక షరతు మీద సరేనన్నారు. భూకంపం తర్వాత రెండు నిమిషాలు మౌనం ఉంటుంది. ఆ మౌనంలో గుయ్యిమని వినబడిందా, ఆ గిటారు మళ్ళీ చర్చిలో ప్లగ్గు పెట్టకూడదు. పెద్దలందరూ తలలూపారు.

"వాయించడం తప్పని నేననడం లేదమ్మా" అన్నారట ఆయన కెజియాతో. "నువ్వు చెయ్యి తీశాక కూడా ఆ స్పీకరు డబ్బా మాట్లాడుతూనే ఉంటుంది. అది నాకు పడదు."

అలా పుట్టింది నా రెండో జన్మ. ఇస్సాకు గారు నా కడుపులో వేలెడు పలక మీద ఏవేవో అతికి, నన్నొక తలుపుగా మార్చారు. తీగ మీటితే నేను తెరుచుకోవాలి, మీటడం ఆపితే మూసుకోవాలి. నాకు గొళ్ళెం అని పేరు పెట్టారు. మొదటి నాబ్ కింద సన్నని కుంచెతో 'గడప' అని రాశారు. ఎంత గట్టి మోత అయితే లోపలికి రానివ్వాలో అది చెబుతుంది. గడప ఎత్తు పెంచితే చిన్న మోతలు దాటలేవు. రెండో దాని కింద 'నిదానం' అని రాశారు. మూసుకునేటప్పుడు ఎంత మెల్లగా మూసుకోవాలో అది.

మొదటి రోజు నన్ను గిటారు పక్కన, నారింజ పెడల్‌కు ముందు పెట్టారు. తీగ ఆగగానే నేను బుద్ధిగా మూసుకున్నాను. నా వెనక ఆ నారింజ మహానుభావుడు తన సొంత బుస తాను కొడుతూనే ఉన్నాడు. దొంగను ఇంట్లో పెట్టుకుని వీధి గుమ్మానికి గొళ్ళెం పెట్టినట్టయింది. ఇస్సాకు గారు తన నుదురు తానే కొట్టుకుని నన్ను దాని వెనక్కి మార్చారు.

మర్నాడు అందరం చర్చికి వెళ్ళాం. అక్కడి గుయ్యి ఇంటిదాని కన్నా నాలుగింతలు. అది దాటకుండా నా గడప పెంచారు. చాల్లేదు, ఇంకా పెంచారు. అప్పుడు గుయ్యి ఆగింది. కెజియా భూకంపం వాయించింది. చివరి స్వరం మీటి, వేలు తీగ మీద అదిమి ఉంచింది. ఆ స్వరం సన్నబడుతూ, దూరమవుతూ నా దగ్గరికొచ్చింది. గడప ఎక్కలేకపోయింది. నేను మూసుకున్నాను. గొంతు మీద కత్తి పెట్టినట్టు స్వరం మధ్యలో తెగింది.

నన్ను తప్పు పట్టకండి. నాకు పెద్దది, చిన్నది అనే తేడా తప్ప మంచీ చెడూ తెలియవు. చిన్నగా ఉన్నదంతా చెత్తే అనుకునే వాళ్ళు మనుషుల్లోనూ ఉన్నారు. వాళ్ళకు కాస్త కళ్ళూ చెవులూ కూడా ఉన్నాయి.

కెజియా గిటారు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "నా స్వరం బతికుండగానే పాతిపెడుతోంది మావయ్యా" అంది.

"గడప దించితే గుయ్యి వస్తుంది కదమ్మా" అన్నారాయన.

రెండు రోజులు అదే తంతు. వైర్లు మార్చారు, పొట్టివి వేశారు. ట్యూబులైట్లు ఆర్పారు. ఫ్యాన్లు ఆపి చెమటలో తడిశారు. పెడల్ మీద మోత పెంచే గెయిన్ నాబ్ సగానికి తగ్గిస్తే బుస కొంత తగ్గింది గానీ గుయ్యి తగ్గలేదు. ఇంతలో ప్రార్థనకు ముందుగా వచ్చిన దీనమ్మ గారు అనే ముసలావిడ, మైకు పట్టుకుంటే ఈ మధ్య చేతిలో జిల్లుమంటోందనీ, పరిశుద్ధాత్మ కదులుతోందనీ సంబరంగా చెప్పి కూర్చుంది. ఇస్సాకు గారు ఆవిడకేసి చాలాసేపు చూశారు. అది ఎప్పటి నుంచమ్మా అని మెల్లగా అడిగారు. క్రిస్మస్ అప్పటి నుంచి అని ఆవిడ చెప్పింది. ఆయన లేచి వెనక తలుపు గుండా బయటికి వెళ్ళారు.

నేను లోపలే ఉన్నాను. గిటారు ప్లగ్గు పెట్టే ఉంది, నా వాకిట గుయ్యి నిలబడే ఉంది. బయట కుళాయి కింద బక్కెట నిండుతున్న చప్పుడు. నీళ్ళు నేలలోకి గుబగుబా ఇంకుతున్న చప్పుడు. మళ్ళీ బక్కెట. మళ్ళీ. ఎంతసేపైందో చెప్పలేను. గుయ్యి ఒక అంచు పలచబడినట్టు అనిపించింది. ఇంకాసేపటికి ఇంకొంచెం. జ్వరం దిగడం నాకు తెలుసు, ముప్ఫై ఏళ్ళు దాని పక్కన కూర్చున్నాను. ఇది అచ్చం అలాగే దిగింది. ముందు ఎవరికీ నమ్మకం కలగదు, తర్వాత అందరూ ఒకేసారి ఊపిరి పీలుస్తారు.

కెజియా గిటారు పక్కన పెట్టి వెనక తలుపు దాకా పరుగెత్తింది. ఏం చేశారు మావయ్యా అని అడిగింది.

"మీ అత్తయ్య పని చేశాను" అన్నారు ఇస్సాకు గారు.

ఆ సాయంత్రం వాళ్ళిద్దరూ నా పక్కనే మెట్ల మీద కూర్చుని మాట్లాడుకుంటే నాకు సంగతంతా తెలిసింది. చర్చి కరెంటుకు ఎర్త్ గుంట వెనక గోడ కింద ఉంది. ఉప్పూ బొగ్గూ వేసి, రాగి పలక పాతి, ఏనాడో ఇస్సాకు గారే పూడ్చారు. ఆ గుంట తడిగా ఉంటేనే దారితప్పిన కరెంటు నేలలోకి పోతుంది. ఎండితే వైర్లలోనే తచ్చాడుతూ మైకుల్లో జిల్లుమంటుంది, స్పీకర్లలో గుయ్యిమంటుంది. ఆరాధనలో ప్రభు సంస్కారపు ద్రాక్షరసం ఇచ్చే చిన్న చిన్న గాజు గిన్నెలు రెండు వందలు ఉండేవి. సువార్తమ్మ గారు వాటిని ఆ గోడ దగ్గరే కడిగేవారు. నీళ్ళు మెట్టతామర మొక్కలకు పోసేవారు. మొక్కలున్నది సరిగ్గా ఆ గుంట మీద. ఆవిడ పోయాక అన్ని గిన్నెలు కడిగేవాళ్ళు లేక ప్లాస్టిక్ గిన్నెలు కొన్నారు. మొక్కలు ఎండాయి. ఎండలు ముదిరాయి, కాలవలకు నీళ్ళు ఆపేశారు, నేల లోపలి చెమ్మ కూడా దిగిపోయింది. గుయ్యి పుడితే అందరూ గిటారు వంక చూశారు.

"ఆవిడకు ఎర్త్ అంటే ఏమిటో తెలియదు" అన్నారాయన. "నీళ్ళు వృథాగా పోవడం ఇష్టం ఉండేది కాదు, అంతే."

గుయ్యి తగ్గింది కాబట్టి ఇక నా గడప ఎత్తుగా ఉండక్కర్లేదు. ఆయన దాన్ని బాగా దించి, నిదానం పెంచారు. ముందు మూలం చూసుకోవాలి, ఆ తర్వాతే మూత. నన్ను కొనబోయే వాళ్ళెవరైనా అడిగితే నేను చెప్పేది ఇదొక్కటే. కానీ నన్నెవరూ కొనరు, అడగరు.

శుక్రవారం వచ్చింది. తలుపులన్నీ తీసి ఉన్నా గాలి లేదు. మొదటి మాట నుంచి ఏడో మాట దాకా నేను ఎర్ర దీపంతో నేల మీద కాచుకుని ఉన్నాను. కెజియా చెప్పులు విడిచి, వట్టికాలితో నారింజ పెడల్ నొక్కింది. తర్వాత భూమి కదిలింది. బెంచీలు, కిటికీ అద్దాలు, నా లోపలి అతుకులు అన్నీ కదిలాయి. ఎవరి ఒళ్ళోనో పసిపిల్ల ఏడవబోయి ఆగిపోయింది.

చివరి స్వరం నా దగ్గరికి వచ్చింది. ఈసారి నా గడప దించే ఉంది. అది మెల్లగా దాటింది, సన్నబడింది, దారమంత అయింది, దారంలో పోగంత అయింది. దాని వెంటే నేనూ మూసుకుంటూ వచ్చాను, నిద్రపోయిన పిల్ల చేతిలోంచి వేలు విడిపించుకున్నట్టు. స్వరం ఎక్కడ అయిపోయిందో, నేను ఎక్కడ మూసుకున్నానో నాకే తెలియలేదు.

అప్పుడు మౌనం. ఎవరో గాజుల చెయ్యి ఒళ్ళోకి దించుకున్నారు. వెనక గోడ దగ్గర కుళాయి బొట్టు బొట్టుగా కారుతోంది. రెండు నిమిషాలయ్యాక రత్నాకరం గారు లేచి ముగింపు ప్రార్థన చెయ్యాలి. ఆయన లేవలేదు. మూడో నిమిషం, నాలుగో నిమిషం. పాస్టరు గారు ఆయన వంక చూశారు. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నారు. చెంపలు తడిగా ఉన్నాయి. ఎవరూ ఆయన్ని కదపలేదు.

జనం వెళ్ళిపోయాక ఆయన వేదిక దగ్గరికొచ్చారు. కెజియా వైర్లు చుడుతోంది, తల ఎత్తలేదు. ఇస్సాకు గారు నా పక్కన గొంతుక్కూర్చుని ఉన్నారు. రత్నాకరం గారు కాసేపు మా ముగ్గురినీ చూశారు. నన్ను గుర్తుపట్టారేమో, ఎడం జబ్బ ఒకసారి తడుముకున్నారు.

"ఎల్లుండి ఈస్టరు తెల్లవారి ఆరాధనకు కూడా తెచ్చుకోమ్మా" అన్నారు. "ఆ రోజు ఆపక్కర్లేదు."

ఆదివారం ఇంకా వెలుగు రాకముందే సమాధుల తోట పక్కన బల్లలు వేశారు. మొదలుపెట్టే ముందు కెజియా వంగి, నా గడపను పూర్తిగా దించేసింది. తూర్పు ఎర్రబడుతుంటే పాట నాలోంచి పోయింది. దాంతో పాటు కొంచెం గుయ్యి, కొంచెం బుస కూడా పోయాయి. ఎవరూ పట్టించుకోలేదు. ఆ పొద్దున అంతా నేను తెరిచే ఉన్నాను.