కారెక్కిన నేత దుప్పటి

నేను ఒక దుప్పటిని. దుప్పటికి చెప్పుకోవడానికేముంటుంది, పరిచారు, పడుకున్నారు, మడతపెట్టారు, అంతే కదా అని మీరంటే నేను వాదించను. మా జాతిలో చాలామంది బతుకు అలాగే వెళ్ళిపోతుంది. నా అదృష్టం కొద్దీ నాకు కారు యోగం పట్టింది. మంచాల మీద గడిచిన నా వయసంతా ఒక ఎత్తు, ఆ కారులో గడుస్తున్న ఈ ముసలితనం ఒక ఎత్తు. అందుకే నోరు విప్పుతున్నాను.

ద్రాక్షారామం వైపు ఒక నేతవీధిలో పుట్టాను. అప్పలస్వామి అనే ఆయన మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, నన్ను నేసినంతసేపూ తన అల్లుణ్ణి తిడుతూనే ఉన్నాడు. అయినా ఒక్క పోగు తప్పలేదు. నీలం గళ్ళు, ఎర్ర అంచు. ఆ తిట్లన్నీ నాలో కలిసిపోయాయేమో, అప్పటినుంచీ నాకు మనుషుల మాటలు వినడం అలవాటైపోయింది. మూట భుజాన వేసుకుని ఊరూరా తిరిగే వర్తకుడొకడు నన్ను తణుకు తీసుకొచ్చాడు. అప్పుడే కాపురానికొచ్చిన మంగతాయారు నన్ను అటూ ఇటూ తిప్పి, వేళ్ళతో నలిపి, చివరికి ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. గంజి వాసన బాగుందని చెప్పి కొనుక్కుంది. ముక్కుతో బేరం తేల్చిన మనిషిని నేను చూడడం అదే మొదలు.

మనుషుల తీరు విచిత్రంగా ఉంటుంది. నేను కొత్తగా, మెత్తగా ఉన్నన్నాళ్ళూ నన్ను బీరువాలో కలరా ఉండల మధ్య దాచారు. చుట్టాలొస్తే పరుద్దామన్నారు. చుట్టాలొచ్చారు. వీళ్ళకెందుకు, ఇంకా మంచి చుట్టాలొచ్చినప్పుడు చూద్దామన్నారు. ఆ మంచి చుట్టాలెవరో నాకిప్పటికీ తెలియదు. రంగు వెలిశాక నన్ను బయటికి తీసి రోజూ వాడడం మొదలుపెట్టారు. పిల్లలు నా మీద పెరిగి పెద్దవాళ్ళై ఉద్యోగాలకు వెళ్ళిపోయారు. తరవాత వేసవుల్లో మేడమీద నా మీద వడియాలు పెట్టారు. ఆ తరవాత నాలుగు మడతలు వేసి ఇస్త్రీ బల్ల మీద పరిచారు. ఒకరోజు పేర్రాజు గారు, అంటే తాయారమ్మ భర్త, ఫోనులో ఎవరితోనో యూరియా సంగతి మాట్లాడుతూ ఇస్త్రీ పెట్టె నా మీదే వదిలేశారు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. చొక్కాకేం కాలేదు కదా అన్నారాయన. నా సంగతి ఎవరూ అడగలేదు.

ఇస్త్రీ బల్ల మీద ఉండగానే మా ఇంటికి కారొచ్చింది. తెల్ల కారు. పేర్రాజు గారిది ఎరువులు, పురుగుమందుల కొట్టు. ముప్ఫై ఏళ్ళుగా ఆ మందుల మధ్య కూర్చుని, తనకంటూ ఒక కొత్త కారు కొనుక్కున్న మనిషి దాన్ని ఎలా చూసుకుంటాడో మీరే ఊహించుకోండి. షోరూములో సీట్లకు తొడిగిన ప్లాస్టిక్ తొడుగులు ఆయన విప్పనివ్వలేదు. అసలు మురికి పడకపోతే కడగాల్సిన పనే ఉండదు కదా, శ్రమ తగ్గుతుంది అనేది ఆయన సిద్ధాంతం. ఆ తగ్గిన శ్రమ కోసం ఆయన ప్రతి ఆదివారం పొద్దున్నించి మధ్యాహ్నం దాకా చెమటోడ్చేవారు. షాంపూతో ఒళ్ళు తోమడం, పాలిషు పట్టించడం, ఏసీ గాలొచ్చే సందుల్లో చెవిపుల్లలు పెట్టి తిప్పడం. దుమ్ము రాకూడదని అద్దాలు ఎప్పుడూ బిగించే ఉంచేవారు. ఎక్కేవాళ్ళు చెప్పులు విప్పి సంచిలో పెట్టి డిక్కీలో వేయాలి. ఎరువుల కంపెనీ నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన ఈ పద్ధతి తెలియక, గుడి ముందు విప్పినట్టు మా గేటు ముందే బూట్లు విప్పేసి కారెక్కాడు. భీమవరంలో మీటింగు హాలు ముందు దిగాకగానీ ఆయనకు సంగతి అర్థం కాలేదు. పాపం, ఆ రోజంతా మేజోళ్ళతోనే ఎరువుల గురించి ఉపన్యాసమిచ్చాడట.

ఇవన్నీ నవ్వుకునే సంగతులు. నవ్వు రాని సంగతి ఒకటుంది. తాయారమ్మ ఆ కారెక్కేది కాదు.

కారుకు పూజ చేయించిన రోజున గుడి దాకా ఎక్కింది. వచ్చేటప్పుడు మొక్కుంది, నడిచి వస్తానని చెప్పింది. ఆ తరవాత ఎప్పుడు పిలిచినా ఏదో ఒక అడ్డం. పాలు కాగుతున్నాయనేది, మోకాలు నొప్పనేది, మీరు వెళ్ళిరండి, నేను వెనకాల బస్సులో వస్తాననేది. పెళ్ళిళ్ళకు ఆయన ఖాళీ కారులో ఒక్కరే వెళ్ళేవారు, ఆవిడ బస్సులో కిటికీ పక్కన కూర్చుని వెళ్ళేది. ఇస్త్రీ చేసుకుంటూ తనలో తను మాట్లాడుకునే అలవాటు ఆవిడకు ఉండబట్టి అసలు సంగతి నాకు మాత్రం తెలిసింది. ఆ కారులో కూర్చుంటే ఆవిడకు కడుపులో తిప్పేస్తుంది. గుడినుంచి నడిచొచ్చింది మొక్కుండి కాదు, సీటు పాడు చేస్తానేమోనని భయపడి. ఆయన అంత ప్రాణంగా చూసుకునే కారులో వాంతి చేసుకున్న మనిషిగా మిగిలిపోవడం కంటే బస్సే నయమనుకుంది. ఆయనేమో కారు తాయారుకు నచ్చలేదనుకుని లోలోపల కుమిలిపోయి, ఇంకా మెరిపిస్తే నచ్చుతుందేమోనని పాలిషు ఇంకొంచెం ఎక్కువ పట్టించేవారు.

వీళ్ళిద్దరూ సరిపోరన్నట్టు మూడో మనిషి వచ్చి చేరింది. తాయారమ్మ అక్కగారు రాజ్యం. నరసాపురంలో ఉంటుంది. మనసులో మాట దాచుకుంటే ఆవిడకు అన్నం అరగదు. చెల్లెలు కారుండగా బస్సు దిగి రావడం చూసి చూసి, ఒకరోజు ఫోనులో ఆయన్నే నిలదీసింది. స్పీకరు పెట్టి ఉంది కాబట్టి ఇస్త్రీ బల్ల మీదినుంచి నేనూ విన్నాను.

"మరిదిగారూ, కారు కొన్నది వీధిలోవాళ్ళకి చూపించడానికాండీ, పెళ్ళాన్ని కూర్చోబెట్టుకోడానికాండీ? మా చెల్లి కాళ్ళకి అంత మట్టుందా?"

పేర్రాజు గారి మొహం మాడిపోయింది. తాయారమ్మ ఫోను లాక్కుని, ఆయనదేం తప్పు లేదక్కా, నాకే కుదరట్లేదని ఏదో సర్దబోయింది. రాజ్యం నమ్మలేదు. ఈసారి తన కూతురి సీమంతానికి కారులో వస్తేనే గుమ్మం తొక్కమని చెప్పి ఫోను పెట్టేసింది.

అక్కడినుంచి తాయారమ్మకు నిద్ర కరువైంది. కారెక్కితే కారు పాడవుతుంది, ఎక్కకపోతే అక్క దగ్గర భర్త పరువు పోతుంది. సీమంతం రోజు రానే వచ్చింది. చలిమిడి గిన్నె, అరిసెల డబ్బాలు, గాజులు, చీర, అన్నీ కారులోకి ఎక్కాయి. తాయారమ్మ చివరి నిమిషంలో ఇస్త్రీ బల్ల దగ్గరికొచ్చి నన్ను లాగి, చిన్న మడత పెట్టి, పమిట కింద దాచుకుంది. ఎందుకో నాకు అర్థమైంది. అవసరమొస్తే సీటుకు బదులు నేను పట్టాలి. ముసలి దుప్పటికి అంత నమ్మకమైన పని ఇన్నాళ్ళకు దొరికింది కదా అని నాకు గర్వంగానే అనిపించింది.

కారు తలుపు మూసుకోగానే నాకు ఊపిరాడలేదు. ముందు భాగంలో మల్లెపూల సెంటు సీసా ఒకటి కాదు, రెండు. దానికి తోడు పాలిషు వాసన, ఎండకు కాగిన ప్లాస్టిక్ వాసన. అద్దాలు బిగించి ఉన్నాయి. పెనుగొండ దాకా తాయారమ్మ కళ్ళు మూసుకుని కూర్చుంది. మార్టేరు దగ్గరపడేసరికి ఆవిడ చేతులు చల్లబడ్డాయి. ఆవిడ తన పక్కన కూర్చుందన్న సంతోషంలో ఆయన ఇంజను ఎంత మెత్తగా పోతోందో చెబుతూనే ఉన్నారు. ఆవిడ నన్ను గబగబా విప్పి మొహానికి అడ్డం పెట్టుకుంది. మిగతాది మీకు చెప్పక్కర్లేదు. ఒక్క చుక్క కింద పడనివ్వలేదు, అంతవరకు నా మాట నమ్మండి.

పేర్రాజు గారు కాలవ గట్టున కారాపారు. ఆపి, మొదట సీటు వంక చూశారు. ఆ తరవాత భార్య వంక చూశారు. ఆవిడ ఆ రెండు చూపులూ చూసింది.

"సీటుకేం కాలేదండీ, చూసుకోండి," అంది.

ఆ మాటలో కోపం లేదు. లేకపోవడమే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది. తన జేబురుమాలు కూడా తను ఎప్పుడూ ఉతుక్కోని మనిషి, ఆవిడ చేతిలోంచి నన్ను లాక్కుని కాలవ మెట్ల మీదికి దిగి, పట్టుచొక్కా చేతులు పైకి మడిచి, నన్ను జాడించడం మొదలుపెట్టారు. ఉతకడం రాదు. రాయి మీద కాక నీళ్ళ మీద బాదారు. తాయారమ్మ మెట్ల మీద కూర్చుని, పుక్కిలించి, ఆయన ఉతుకుడు చూసింది.

"నువ్వు బస్సులో నిలబడి వెళ్ళకూడదనే కొన్నానే దీన్ని," అన్నారాయన, నా వైపే చూస్తూ. "నీకు నచ్చకపోతే అమ్మేస్తాను."

"నచ్చకపోవడం కాదండీ. ఆ సెంటు వాసనకి నా కడుపు తిరిగిపోతోంది. మొదటి రోజునించీ అంతే. మీరు ముచ్చటపడి పెట్టుకున్నారు కదాని చెప్పలేదు."

"వాసనా? నాకేం వాసన రావట్లేదే. రావట్లేదనే కదా రెండో సీసా పెట్టాను."

తాయారమ్మకు ఎక్కడలేని నవ్వూ వచ్చింది. ముప్ఫై ఏళ్ళు పురుగుమందుల మధ్య కూర్చుంటే ముక్కెక్కడుంటుందండీ అని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఆయన నన్ను పిండడం ఆపి తన ముక్కు తడుముకున్నారు. తన ముక్కు పనిచేయడం మానేసిందన్న సంగతి ఆయనకు అప్పుడే తెలిసినట్టుంది. ఏడాదంతా ఆ కారును మెరిపించిందీ ఆయనే, అందులో భార్యను కూర్చోనివ్వకుండా చేసిందీ ఆయనే. నాకు ఆ పెద్దమనిషి మీద చాలా జాలి కలిగింది.

ఆయన లేచి వెళ్ళి రెండు సీసాలూ తీసి, సంచిలో మూటగట్టి డిక్కీలో పడేశారు. ప్లాస్టిక్ తొడుగులు పటపటమని చింపేశారు. నాలుగు అద్దాలూ దించేశారు. తడిసిన నన్ను వెనక కిటికీ పైనున్న పిడికి కట్టారు. పాలకొల్లు దాటేసరికి నేను ఆరిపోయాను, తాయారమ్మ మొహానికి రంగొచ్చింది. పొలాల గాలి, దానితోపాటు రోడ్డు మీది దుమ్ము, లారీల పొగ, అన్నీ లోపలికొచ్చాయి. నల్లగా మెరిసే ముందు బల్ల మీద దుమ్ము పొర పొరగా పడుతుంటే ఆయన వేళ్ళు స్టీరింగు మీద గిజగిజలాడాయి గానీ, అద్దాలు మాత్రం ఎక్కించలేదు.

రాజ్యం వీధిలోకొచ్చి నిలబడింది. దుమ్ము కొట్టుకుపోయిన కారు, జుట్టు రేగిపోయిన చెల్లెలు, మోచేతుల దాకా తడిసిన పట్టుచొక్కాతో మరిది, కిటికీలో రెపరెపలాడుతున్న నేను. అడగాల్సినవన్నీ మరిచిపోయి, ముందు మంచినీళ్ళు తాగండని లోపలికి తీసుకెళ్ళింది.

ఆ రోజునుంచి నా ఉద్యోగం కారులోనే. పద్ధతి తాయారమ్మది. నన్ను వెనక సీటు మీదుగా పరిచి, అంచులు సందుల్లోకి దోపుతుంది. ఇసకైనా, వేరుశనగ పొట్టైనా, చంటిపిల్లల బిస్కెట్ల పొడైనా నా మీదే పడాలి. ఇంటికి రాగానే నాలుగు కొసలూ పట్టుకుని బయటికి తీసి, గోడవతల ఒక్క దులుపు దులుపుతుంది. చెప్పులు విప్పక్కర్లేదు, ఎక్కేముందు రెండు పాదాలూ ఒకదానికొకటి తాటించి లోపల పెడితే చాలు. తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి ముందు బల్ల తుడిచేస్తుంది. అద్దాలకు పాత న్యూస్‌పేపరు. బయట ఒంటికి మామూలు నీళ్ళు, నీడలో నిలబెట్టి, పైనుంచి కిందికి. కాఫీ చల్లారేలోపు అయిపోతుంది. పేర్రాజు గారికి ఆదివారాలన్నీ మిగిలిపోయాయి. మొదట్లో ఏం చేయాలో తోచక కారు చుట్టూ తిరిగేవారు. ఇప్పుడు మధ్యాహ్నం దాకా నిద్రపోతున్నారు. ఆయనకు ఒళ్ళు కూడా కాస్త వచ్చింది.

నా అంచులు చివికిపోయాయి. మధ్యలో వెలుతురు కనబడుతోంది. ఇంకెన్నాళ్ళో పరవడానికి పనికిరానని నాకు తెలుసు. నన్ను ముక్కలు చేసి, మెత్తటివి అద్దాలకూ, మోటువి చక్రాలకూ వాడుకోవాలని తాయారమ్మ ఈమధ్యే అంది. నాకేమీ దిగులు లేదు. ముక్కలైనా ఇదే కారులో ఉంటాను కదా.

పోయిన వారం సాయంత్రం ఇద్దరూ బజారుకెళ్ళి వస్తున్నారు. అద్దాలు దించి ఉన్నాయి. తాయారమ్మ మోచెయ్యి కిటికీ మీద పెట్టుకుని, పమిట ఎగురుతుంటే పట్టించుకోకుండా కూర్చుంది. మా వీధి మలుపు రాగానే పేర్రాజు గారు ఇండికేటరు వేశారు.

"అప్పుడే ఇల్లొచ్చేసిందా? ఇంకాస్త దూరం పోనివ్వండి," అంది.

ఎక్కడికని ఆయన అడిగారు. ఎక్కడికైనా సరేనంది. ఏడాది పాటు తోమి తోమి మెరిపించినా వినపడని మాట, ఇప్పుడు దుమ్ము పట్టిన కారులో కూర్చుని ఆయన విన్నారు. ఇండికేటరు ఆపేసి, తిన్నగా పోనిచ్చారు. పెట్రోలు బంకు దాటాం. రైలు గేటు దాటాం. చెరుకు తోటలొచ్చాయి. తాయారమ్మ ఇంకా వెనక్కి తిప్పమనలేదు.